భట్టిప్రోలు గోష్ఠి నుంచి ఓపెన్ సోర్స్ దాకా: పెద్ద ఎవరు, మాట ఎవరిది?



తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు భట్టిప్రోలులో ఆగుతుంది. ఆ దారిలో చదువులకి తిరిగిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ బౌద్ధస్తూపం ఉందనీ, తెలుగు లిపి చరిత్రలో ఆ ఊరికి పెద్ద పేరుందనీ పోటీ పరీక్షల పుస్తకాల్లో చదివాం. ఒక మార్కు ప్రశ్నగా గుర్తుపెట్టుకున్నాం, అంతే. అక్కడ దొరికిన రాతిపెట్టెల మీద ఏముందో మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. ఆ రాతలో ఉన్న విషయం ఇవాళ మనం వాడే ఫోన్ల దాకా, మన ఇళ్లలో మాట్లాడే భాషల దాకా వస్తుంది. ఎలాగో చూద్దాం. పోస్టు పొడుగే, ఓపిగ్గా చదవండి.

రాతిపెట్టె మీద పేర్లు

1892లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి భట్టిప్రోలు దిబ్బను తవ్వించాడు. మూడు రాతిపెట్టెలు బయటపడ్డాయి. వాటిలో స్ఫటిక భరిణెలు, ధాతువులు ఉన్నాయి. పెట్టెల మీద ప్రాకృత భాషలో శాసనాలున్నాయి. జార్జ్ బ్యూలర్ అనే జర్మన్ పండితుడు వాటిని చదివి అచ్చువేశాడు. క్రీస్తుపూర్వం 3, 2 శతాబ్దాల నాటివని పండితుల అంచనా.

శాసనాల్లో కుబిరకుడనే రాజు ఉన్నాడు. చరిత్ర పుస్తకాల్లో కుబేరకుడని రాస్తారు. అయితే రాజు ఒక్కడే లేడు. గోష్ఠులున్నాయి. గోష్ఠి అంటే పదిమంది కూడి ఒక పనిని నెత్తికెత్తుకున్న సభ, మన మాటలో కమిటీ. సింహ గోష్ఠి అని ఒకటి, అరహదిన గోష్ఠి అని ఇంకొకటి. కుబిరకుడు సింహ గోష్ఠికి 'పముఖుడు', అంటే పెద్ద. నిగమ సభ్యుల పేర్లు వరసపెట్టి చెక్కారు. కుర అనే అతను తన తల్లితో, తండ్రితో కలిసి పెట్టె చేయించిన సంగతి కూడా రాశారు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. రాజు రాజుగా ఉంటూనే ఒక సభకి పెద్దగా కూడా కనిపిస్తున్నాడు. అతనితోపాటు పనిలో ఉన్నవాళ్ల పేర్లూ రాతిమీదకెక్కాయి. లోపల ఎవరు ఎవరితో వాదించారో, రాజు మాట ఎంత చెల్లిందో, మిగతావాళ్ల మాట ఎంత చెల్లిందో రాయి చెప్పదు. ఇటుక కాల్చినవాళ్ల పేర్లు, రాయి మోసినవాళ్ల పేర్లు అసలే లేవు. పేరెక్కినవాళ్లకి సభలో చోటుంది. చోటు లేనివాళ్ల పేరు ఎక్కలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఇదే దిబ్బకి పందొమ్మిదో శతాబ్దంలో ఇంకో అనుభవం. రోడ్డు, కాలువ పనుల కోసం దీని ఇటుకలూ పాలరాతి పలకలూ తవ్వుకుపోయారు. రే వచ్చేసరికి పైభాగం చాలావరకు పోయింది. పైనుంచి వచ్చిన నిర్ణయానికి ఎదురు చెప్పే దారి లేనప్పుడు ఏం జరుగుతుందో ఈ దిబ్బే చెబుతుంది.

నిలవని పద్ధతి

భట్టిప్రోలు లిపిలో ఒక విచిత్రం ఉంది. తెలుగులో 'క' అని రాస్తే అందులో 'అ' కలిసే ఉంటుంది. 'అ' వద్దనుకుంటే పొల్లు పెట్టి 'క్' అంటాం. అశోకుడి బ్రాహ్మిలో కూడా ఏ గుర్తూ లేని హల్లులో 'అ' ఉన్నట్టే లెక్క. భట్టిప్రోలు పెట్టెల మీద రాసినవాళ్లు దీన్ని తిరగేశారు. గుర్తు లేకపోతే ఉత్త హల్లు. 'అ' కావాలంటే ఒక గీత పెట్టాలి. 'ఆ' కావాలంటే ఆ గీతకి ఇంకో చిన్న గీత తగిలించాలి. కొన్ని అక్షరాల రూపాలు కూడా మార్చారు.

ఆలోచిస్తే తెలివైన పద్ధతే. కానీ రాయాల్సిన ప్రతి 'అ'కీ ఒక గీత ఎక్కువ. అదే చోట దొరికిన ఒక స్ఫటికం మీద మాత్రం మామూలు బ్రాహ్మి పద్ధతే ఉంది. అంటే ఒకే స్తూపం దగ్గర రెండు పద్ధతులు నడిచాయన్నమాట. తర్వాతి శాసనాల్లో గీత పద్ధతి నిలవలేదు. ఈ రోజు మనం రాసే తెలుగులో పొల్లు పద్ధతే ఉంది. ఎవరో దాన్ని రద్దు చేస్తూ ఆజ్ఞ వేసినట్టు ఆధారం లేదు. రాసేవాళ్ల చేతులు ఒప్పుకోలేదు, అది పోయింది. ఏ పద్ధతినైనా పెద్దలు పెట్టగలరు. నిలబెట్టేది వాడేవాళ్లే.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి

ఓపెన్ సోర్స్ అంటే సాఫ్ట్‌వేర్ లోపలి రాతని, అంటే కోడ్‌ని, అందరికీ తెరిచి పెట్టడం. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, మార్చింది నలుగురికీ పంచొచ్చు. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో అడుగున ఉన్న లినక్స్ ఇలాంటిదే. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి మొదలుపెట్టాడు.

అందరిదీ అంటే అందరూ తలా ఒక దిక్కుకి లాగొచ్చని కాదు. ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది మార్పులు పంపుతారు. ఏది లోపలికి రావాలో ఎవరో ఒకరు తేల్చాలి. లినక్స్‌లో ఒక్కో భాగానికి ఒక్కో బాధ్యుడుంటాడు. అందరి పైనా టోర్వాల్డ్స్. ఆఖరి మాట ఆయనదే. మరి వాడేవాళ్ల సంగతి? అక్కడ ఒక గట్టి నియమం ఉంది. నిన్నటిదాకా పనిచేసిన ప్రోగ్రాం కొత్త లినక్స్ రావడం వల్ల ఆగిపోతే తప్పు లినక్స్‌దే. మీరే సరిగ్గా రాసుకోలేదని వాడేవాళ్ల మీదకి నెట్టకూడదు. అంటే పెద్దకి ఎంత అధికారమున్నా వాడేవాడి పని చెడగొట్టే అధికారం లేదన్నమాట.

అయితే ఈ పద్ధతిలో ఒక లోపం కూడా బయటపడింది. టోర్వాల్డ్స్ మాట కటువు. తప్పు చేసినవాళ్లని అందరి ముందూ చెడామడా తిట్టేవాడు. 2018 సెప్టెంబరులో తన తీరుకి క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకున్నాడు. అదే నెలలో లినక్స్‌కి కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. మన ఇళ్లలో మొదటి తరం చదువుకున్నవాళ్లకి దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. తలుపు తెరిచే ఉందంటారు. లోపలికి అడుగుపెడితే కసురుతారు. అలాంటి తలుపు మనకి మూసినట్టే లెక్క.

మూడు దారులు

ఓపెన్ సోర్స్ చరిత్రలో పెద్దల మాటకీ వాడేవాళ్ల మాటకీ తగాదా వచ్చినప్పుడు మూడు రకాలుగా తేలింది.

మొదటిది, రాసుకున్న రాజ్యాంగం. డెబియన్ అనే ప్రాజెక్టు 1993లో మొదలైంది. 1997లో వాడేవాళ్లకి మేం ఏం బాకీ ఉన్నామో చెబుతూ ఒక సామాజిక ఒప్పందం రాసుకున్నారు. మరుసటేడు రాజ్యాంగం రాసుకున్నారు. అక్కడ నాయకుణ్ణి ఏటా ఎన్నుకుంటారు. సభ్యులు ఓటు వేసి నాయకుడి నిర్ణయాన్ని సైతం తిప్పికొట్టొచ్చు. ఇన్ని ఉన్నా గొడవలు ఆగవు. 2014లో కంప్యూటర్ మొదలవగానే నడిచే ప్రోగ్రాం ఏది ఉండాలనే విషయంలో సాంకేతిక కమిటీ సరిగ్గా రెండుగా చీలింది. అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డి అనేది గెలిచింది.

రెండోది, వేరు కుంపటి. కోడ్ తెరిచి ఉంది కాబట్టి నచ్చనివాళ్లు దాన్ని తీసుకుని వేరే ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. డెబియన్ గొడవలో ఓడినవాళ్లు దేవువాన్ పేరుతో అదే చేశారు. 2011లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ తన రూపాన్ని ఉన్నట్టుండి పూర్తిగా మార్చేసింది. పాత రూపానికి అలవాటుపడ్డవాళ్లు గోల పెట్టారు. పెద్దలు వెనక్కి తగ్గలేదు. దాంతో పాత గ్నోమ్‌ని మాటే అనే పేరుతో కొందరు బతికించుకున్నారు, లినక్స్ మింట్ వాళ్లు సిన్నమన్ తయారుచేసుకున్నారు. రెండేళ్లకి గ్నోమ్ కూడా పాత పద్ధతికి దగ్గరగా ఉండే క్లాసిక్ రూపాన్ని ఇచ్చింది. 2010లో ఓపెన్ ఆఫీస్ ఒరాకిల్ కంపెనీ చేతికి వెళ్లినప్పుడు దాని మీద పనిచేసేవాళ్లలో చాలామంది బయటికొచ్చి లిబ్రేఆఫీస్ పెట్టారు. ఇవాళ మనం ఎక్కువగా చూసేది లిబ్రేఆఫీస్‌నే. వేరు కుంపటికి ఖర్చుంది, మనుషులు కావాలి, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. అయినా వెళ్లిపోయే హక్కు ఉందని తెలిస్తే పెద్దలు వినే తీరు మారుతుంది.

మూడోది, పెద్ద తనంతట తాను దిగడం. పైథాన్ భాషని తయారుచేసిన గిడో వాన్ రోసమ్‌ని దాదాపు మూడు దశాబ్దాలు అందరూ ఆఖరి మాట చెప్పే పెద్దగా ఒప్పుకున్నారు. భాషలో ఒక కొత్త గుర్తు చేర్చాలా వద్దా అని పెద్ద రగడ అయింది. ఆయన చేర్చాలనే తేల్చాడు. గెలిచాక, 2018 జులై 12న, ఇక నావల్ల కాదని పెద్దరికం వదిలేశాడు. నా తర్వాత ఎవరో నేను చెప్పను, ఎలా నడుపుకోవాలో మీరే తేల్చుకోండన్నాడు. వాళ్లు చర్చించి, ఓటు వేసి, 2019లో ఐదుగురి మండలిని ఎన్నుకున్నారు. మొదటి మండలిలో గిడో కూడా ఒక సభ్యుడు. ఐదుగురిలో ఒకడు, అంతే.

తెలుగు రచ్చబండ

మన దగ్గరి కథకి వద్దాం. ఇరవై పాతికేళ్ల కిందట కంప్యూటర్‌లో తెలుగు ఎలా ఉండేదో మన అన్నలకి గుర్తుండే ఉంటుంది. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. ఒకరి రాత ఇంకొకరి కంప్యూటర్‌లో పిచ్చిగీతలు. ఏ అక్షరానికి ఏ సంఖ్య అనేది ఎవరి ఆఫీసులో వాళ్లు తేల్చుకున్నారు. చదివేవాళ్లని అడిగిందెవరూ లేరు. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటున్నా వాడుకలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వెన్న నాగార్జున పద్మ అనే ఓపెన్ సోర్స్ పరికరం తయారుచేసి, పత్రికల ఫాంట్లలోని రాతని యూనికోడ్‌లోకి మార్చే వీలు కల్పించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాని మొదలుపెట్టిందీ ఆయనే.

ఆ తెలుగు వికీపీడియాలో అందరూ కూడి మాట్లాడుకునే పేజీ పేరు రచ్చబండ. ఏ పేజీ ఉంచాలి, ఏది తీసేయాలి, ఎవరికి నిర్వాహక బాధ్యత ఇవ్వాలి, అన్నీ బహిరంగంగా చర్చించాల్సిందే. నిర్వాహకులకి పేజీలు తొలగించే అధికారం ఉంటుంది, కానీ ఎందుకు తొలగించారో అడిగితే చెప్పాలి. చెప్పింది అక్కడే మిగిలిపోతుంది. పదేళ్ల తర్వాత కొత్తగా వచ్చిన పిల్ల కూడా ఆ పాత వాదన తీసి చదవొచ్చు.

వికీపీడియా నడిపే సంస్థకీ రాసేవాళ్లకీ కూడా తగాదాలొచ్చాయి. 2014లో బొమ్మలు చూపించే కొత్త పద్ధతిని జర్మన్ వికీపీడియా సభ్యులు ఓటు వేసి వద్దన్నారు. అమెరికాలోని వికీమీడియా ఫౌండేషన్ వినకపోగా, అక్కడి నిర్వాహకులు కూడా మార్చలేకుండా కొత్త తాళం వేసింది. ఊరుకోలేదు వాళ్లు. 2015 నవంబరులో ఆ తాళం తీసేశారు.

తెలుగులో ఇంకో రకం పేచీ ఉంది, మాటల పేచీ. కంప్యూటర్‌ని తెలుగులోకి తెచ్చినవాళ్లు ఫైల్‌ని 'దస్త్రం' అన్నారు, సెట్టింగ్స్‌ని 'అమరికలు' అన్నారు, వికీపీడియాలో ప్రిఫరెన్సెస్ 'అభిరుచులు' అయింది. కూలి తీసుకోకుండా రాత్రుళ్లు కూర్చుని ఆ పని చేసినవాళ్ల శ్రమకి దండం పెట్టాలి. కానీ హాస్టల్లో మొదటిసారి కంప్యూటర్ ముట్టుకునే పిల్లకి ఏ మాట తేలిక? ఫైలా, దస్త్రమా? ఇది కూడా వాడేవాళ్లే చెప్పాల్సిన సంగతి. చెప్పడానికి దారి ఉంది. వికీపీడియా తెరమీద కనిపించే తెలుగు మాటల్ని ట్రాన్స్‌లేట్‌వికీ అనే చోట ఎవరైనా ఖాతా తెరిచి సరిదిద్దొచ్చు. మనలో ఎవరూ అటు వెళ్లకపోతే అక్కడున్నవాళ్ల మాటే మన మాట అయిపోతుంది.

తలుపు మూసి ఉంటే ఎలా ఉంటుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. 'జ్ఞా' రాయడంలో ఒక రకమైన కూర్పు మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలేది. కోట్లమంది మాట్లాడే భాష అది. కానీ లోపలి కోడ్ కంపెనీది, కాబట్టి తెలుగు వచ్చిన ఇంజనీర్లు ఎంతమంది ఉన్నా బయటినుంచి చూడలేరు, సరిచేయలేరు. కంపెనీ కొత్త వెర్షన్ ఇచ్చేదాకా అందరూ ఎదురుచూడాల్సిందే. ఓపెన్ సోర్స్‌లో తప్పులు రావని కాదు, వస్తాయి. వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో మనమే వెతకొచ్చు, దిద్ది పంపొచ్చు.

ముందు చెప్పాలి, తర్వాత కుదరదు

యూనికోడ్ సంగతి కొంచెం వేరు. అది సాఫ్ట్‌వేర్ కాదు, అన్ని సాఫ్ట్‌వేర్లూ పాటించే ప్రమాణం. ఆఖరి నిర్ణయం దాని కమిటీది. పెద్ద కంపెనీలు సభ్యత్వం కట్టి ఓటు తెచ్చుకుంటాయి. కానీ ప్రతిపాదన మాత్రం ఎవరైనా పంపొచ్చు. ఈ అక్షరం ఫలానా చోట వాడారు, ఇదిగో ఆధారం, అని చూపించాలి. తెలుగు ౘ, ౙ అక్షరాలు, పాత లెక్కల భిన్నాల గుర్తులు 2008లో అలాగే చేరాయి. పాత అచ్చుపుస్తకాల్లో కనిపించే నకారపొల్లు 2021లో చేరింది.

అక్కడ ఒక కఠినమైన నియమం ఉంది. ఒకసారి చేర్చిన అక్షరాన్ని తీసేయరు, దాని సంఖ్య మార్చరు, పేరు కూడా మార్చరు. పేరులో తప్పు పడితే తప్పుతోనే ఉండిపోతుంది. ప్రపంచంలోని రాతలన్నీ దానిమీద నిలబడి ఉన్నాయి కాబట్టి ఆ నియమం అవసరమే. మనకి దాని అర్థం ఏంటంటే, చెప్పాల్సింది ముందే చెప్పాలి. నిర్ణయం అయ్యాక ఎంత అరిచినా లాభం లేదు.

2010లో బ్రాహ్మి లిపిని యూనికోడ్‌లో చేర్చినప్పుడు ఒక అచ్చు గుర్తుకి ప్రత్యేకంగా భట్టిప్రోలు 'ఆ' అని పేరు పెట్టారు. రాసేవాళ్లు వదిలేసిన పద్ధతి తాలూకు గుర్తు అది. ఆ పద్ధతి ఓడిపోయింది కానీ రాయి మీద ఆధారం ఉంది, అందుకే దానికి చోటు దొరికింది. మన బాపట్ల జిల్లా ఊరి పేరు ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ పాటించే పట్టికలో శాశ్వతంగా ఉండిపోయింది.

మన భాషల సంగతి

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండి భాషని సొంత లిపిలో రాసిన పాత పుస్తకాలున్నాయి. హైదరాబాద్ నుంచి జయధీర్ తిరుమలరావు గారి బృందం వెళ్లి వాటిని వెలుగులోకి తెచ్చింది. అప్పటికి చదవగల పెద్దలు కొద్దిమందే మిగిలారు. గోండికి మధ్యప్రదేశ్‌లో మున్షీ మంగళ్ సింగ్ మాసారామ్ 1918లో చేసిన ఇంకో లిపి కూడా ఉంది. ఏది అసలు గోండి లిపి? యూనికోడ్ ఆ తగవు తీర్చే జోలికి పోలేదు. మాసారామ్ గోండికి 2017లో, గుంజాల గోండికి 2018లో విడివిడిగా చోటిచ్చింది. ఏది వాడుకోవాలో గోండులే తేల్చుకుంటారు. గూగుల్ నోటో ఫాంట్లలో రెండింటికీ ఉచిత ఫాంట్లున్నాయి. సవరల కోసం మంగెయ్ గొమాంగో 1936లో చేసిన సోరంగ్ సోంపెంగ్ లిపి 2012లోనే చేరింది. అక్షరాలకి చోటు దొరికింది. ఇక ఆ అక్షరాలతో రాసేవాళ్లు కావాలి. లేకపోతే భట్టిప్రోలు గీతకి పట్టిన గతే పడుతుంది.

మరి మన డెల్టాలో? ఎరుకల ఇళ్లలో కుర్రు భాష ఉంది. లంబాడి తండాల్లో గోర్ బోలి ఉంది. యానాది పెద్దల నోట చేపల పేర్లు, మొక్కల పేర్లు, మందుల పేర్లు ఉన్నాయి. వీటిని ఏ అక్షరాల్లో రాయాలి, తెలుగు అక్షరాల్లో పలకని చోట ఏ గుర్తు పెట్టాలి, ఎవరి ఊరి పలుకుని ప్రమాణం అనుకోవాలి, ఇవన్నీ రేపో మాపో ఎవరో ఒకరు తేలుస్తారు. ఏ యూనివర్సిటీలోనో, ఏ కంపెనీలోనో కూర్చుని తేలుస్తారు. మంచి మనసుతోనే తేల్చొచ్చు కూడా. ఆ బల్ల దగ్గర మనవాళ్లు ఉంటారా లేదా అన్నదే ప్రశ్న.

ఈ చరిత్ర మనకి చెప్పేది నాలుగు ముక్కల్లో చెప్పుకోవచ్చు.

పెద్ద ఉండటం తప్పు కాదు. పెద్ద లేని పని గడువు దాటిపోతుంది. కానీ ఆ పెద్ద ఏం చేయకూడదో ముందే రాసుకోవాలి, డెబియన్ వాళ్లు రాసుకున్నట్టు, లినక్స్ వాళ్లు నియమం పెట్టుకున్నట్టు.

అభిప్రాయం అడిగితే సరిపోదు. ఏం చెప్పారు, ఏది ఒప్పుకున్నాం, ఏది కాదన్నాం, ఎందుకు కాదన్నాం, ఇవన్నీ అందరికీ కనిపించేలా ఉండాలి. కారణం చెప్పి కాదన్నదాన్ని మనిషి ఓర్చుకుంటాడు. జవాబే లేకపోతే ఓర్చుకోడు.

వేరు కుంపటి హక్కు ఉండాలి, కానీ అది ఆఖరి అస్త్రం. కుర్రు మాటల పట్టిక ఒకటే మొదలుపెట్టి నాలుగు ఊళ్ల పలుకులు నాలుగు వరసల్లో రాసుకోవచ్చు. నాలుగు పట్టికలు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తిచేయకపోతే నష్టం మనకే.

చదువుకున్నవాళ్లం మనమే వాడేవాళ్లం అనుకోకూడదు. ఆ భాష రోజూ మాట్లాడే అమ్మమ్మలు, నాయనమ్మలు వాడేవాళ్లు. వాళ్లకి ఫోన్ నొక్కడం రాకపోవచ్చు. వాళ్ల మాట మన నోటి ద్వారా వెళ్లాలి, వాళ్ల పేరుతో వెళ్లాలి.

కాబట్టి గ్రూపులోని అన్నలకి, అక్కలకి, తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక విన్నపం. ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు తలా వంద మాటలు రాసుకురండి. మాట, దాని అర్థం, చెప్పినవాళ్ల ఊరు రాయండి. వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు కూడా రాయండి. ఏ అక్షరాల్లో రాయాలన్నది ఇక్కడే చర్చించి, ఎందుకలా అనుకున్నామో రాసిపెట్టి తేల్చుకుందాం. రెండువేల ఏళ్లు దాటినా భట్టిప్రోలు రాయి ఆ గోష్ఠిలో ఎవరెవరున్నారో చెబుతూనే ఉంది. మన పట్టిక కూడా చెప్పాలి. ఈసారి ఇటుక కాల్చినవాళ్ల పేర్లు, రాయి మోసినవాళ్ల పేర్లు కూడా అందులో ఉండాలి.

జోహార్.